కూర్చున్న బట్టమేక

నేను నంద్యాలలో జువాలజీ పాఠాలు చెబుతాను. ఆదివారాలు పిట్టలు చూడ్డానికి దూరంగా ఉన్న గడ్డిబీడుకు పోతాను. అది బట్టమేక పిట్ట కోసం కేటాయించిన అభయారణ్యం. పిట్ట మాత్రం చాలా ఏళ్లుగా ఎవరికీ కనబడలేదు. జనానికి దాని రూపమైనా తెలియాలని, గేటు దగ్గర రాతిబొమ్మ పెడదామన్నాను. అధికారులు సరేనన్నారు.

ఫోటో పట్టుకుని ఆళ్లగడ్డ పోయాను. దేవుళ్లను చెక్కడంలో తల పండిన శిల్పి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఏ దేవునికి వాహనమప్పా?"

"ఏ దేవునికీ కాదన్నా. ఉత్త పిట్ట."

"ఉత్త పిట్టకు రాయెందుకు?"

అంతరించిపోతున్న జాతుల గురించి చాలాసేపు చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, నెల తర్వాత రమ్మన్నాడు.

వెళ్లి చూస్తే పిట్ట కాళ్లు మడిచి నందిలా కూర్చుని ఉంది. మెడలో గంటల పట్టెడ.

"ఇదేందన్నా?"

"ఆ సన్న కాళ్లు రాయిలో నిలబడవప్పా. కూర్చోబెట్టినా. కూర్చున్నాక మెడ బోసిగా ఉండె. చెయ్యి ఊరుకోలా."

మార్చే వీల్లేదు. అట్లాగే తెచ్చి గేటు దగ్గర పెట్టాం.

తర్వాతి ఆదివారానికి పిట్ట నుదుట కుంకుమ, ముందర టెంకాయ చిప్పలు. అటవీశాఖ వాచర్ చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు.

"పొద్దున్నుంచీ మొక్కి పోతాండారు సార్. చెప్పులేసుకుంటే నన్ను తిడతాండారు."

అంతలో ఒక అవ్వ గొర్రెలు తోలుకుని వచ్చింది. అవి అలవాటుగా బీడులోకి దూరబోతే కర్ర అడ్డం పెట్టింది.

"దేవర గడ్డి ముట్టుకుంటే కండ్లు పోతాయే!" అని వాటిని కసిరి, దారి మళ్లించింది.

నాకు నోరు ఆగలేదు. "అవ్వా, అది దేవుడు కాదు. పిట్ట."

"గరుత్మంతుడు పిట్ట కాదా?" అంది.

నేను మళ్లీ జాతుల గురించి మొదలుపెట్టబోయాను. వాచర్ నన్ను పక్కకు లాగాడు. "దండం పెడతా సార్. ఇంకెవరికీ చెప్పొద్దు. ఇన్నేండ్లలో ఆ గొర్రెలు నా మాట విన్లే."

ఆ ఏడు వానలకు గడ్డి నడుమెత్తు పెరిగింది. కృష్ణజింకలు గుంపులుగా వచ్చాయి. బట్టమేక రాలేదు. ఒక సాయంత్రం గడ్డి మధ్య అప్పుడే ఈనిన జింక తన పిల్లను నాకుతూ కనబడింది. పిల్ల లేచి నిలబడేదాకా నేనూ వాచరూ కదలకుండా కూర్చున్నాం. దోమలు కుడుతున్నా చెయ్యెత్తలేదు.