మగ్గాలకు హవ పెట్టమన్నాను

నా సర్వీసు ఆఖరి సంవత్సరంలో, దీపావళి సెలవులు ముగిసి మిల్లు తెరిచిన సోమవారం నాడు, నాకొక కొనుగోలు పని వచ్చింది. అప్పగించింది యజమాని కాదు, దాజీ పేటలో ఉండే మా బావ రాజేశం. కొనాల్సిన వస్తువు ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్. ఆ రోజు డైరీలో "అక్కకు మెషీన్: పని మొదలు" అని రాసుకున్నాను.

మరాఠీ ప్రాంతంలో తెలుగు నేతగాళ్లు స్థిరపడ్డ మా ఊళ్లో, అక్కల్‌కోట్ రోడ్డులోని ఒక టవల్ మిల్లులో ముప్పై ఒక్క ఏళ్లు స్టోర్స్ విభాగంలో పనిచేశాను. గుమాస్తాగా చేరి పర్చేజ్ ఆఫీసరుగా రిటైరయ్యాను. పర్చేజ్ అంటే కొనడమేనని అందరూ అనుకుంటారు. నిజానికి కొనడం ఒక పూట పని. దానికి ముందూ వెనకా ఉన్నదే అసలు పని. ఏ విభాగానికి వస్తువు కావాలో వాళ్లు ఇండెంట్ రాస్తారు, అంటే ఏది, ఎన్ని, ఎందుకు అని సంతకం పెట్టి ఇచ్చే కాగితం. దాన్ని పట్టుకుని మేము కనీసం మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పిస్తాం. వాటిని గళ్లు గీసి పక్కపక్కన రాస్తే తులనాత్మక పట్టిక అవుతుంది. వస్తువు వచ్చాక, ఇండెంట్ రాసిన మనుషుల ముందే దాన్ని నడిపి చూపించాలి. "ట్రయల్ సంతృప్తికరం" అని వాళ్లు సంతకం చేస్తేనే బిల్లు ముందుకు కదులుతుంది. ఈ చివరి సంతకం విషయంలో నాకు మొండివాడినన్న పేరుండేది. ఒకసారి యజమానే స్వయంగా చెప్పినా, ట్రయల్ చేయని బాయిలరు పంపు బిల్లును నేను పాస్ చేయలేదు.

అక్క పేరు బాలమణి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. పెళ్లయింది మొదలు నలభై ఏళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టింది. బావ ఒక మిల్లులో జాబరుగా, అంటే మగ్గాలను సరిచేసే మేస్త్రీగా పనిచేసి, ఆ మిల్లు మూతపడ్డాక ఇంటి ముందు హాల్లో రెండు పవర్‌లూములు పెట్టుకున్నాడు. హాలు వెనకే వంటగది. మధ్యలో గడప ఉంది గానీ తలుపు లేదు. మగ్గాలు నడిచినంతసేపూ నూలు పీచు మంచులా రాలుతుండేది. ఆ ఏడాది వానాకాలం నుంచి అక్కకు ఆయాసం ఎక్కువైంది. ఛాతీ డాక్టరు మందులు రాసి, ఇంట్లో దుమ్ము లేపితే ఏ మందూ పనిచేయదని చెప్పాడు. చీపురు పక్కన పెట్టమని, ఒక చీటీ మీద మెషీన్ పేరు రాసిచ్చాడు.

బావ ఆ చీటీతో మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు.

"నీకు మెషిన్లు కొనుడే గదా పని. గిదేందో సూడు బామ్మర్దీ. చీపురు ముట్టొద్దన్నడు."

"ఎంతల ఉండాలె బావా?"

"ఆరు వేలు దాటితే మీ అక్క మెషిన్‌ను ఇంట్ల వెట్టి నన్ను బయట వెడ్తది."

రెండు వారాలు తిరిగాను. ఫోనులో కనిపించే నక్షత్రాల లెక్కను నేను నమ్మను. కొన్న రెండో రోజే నక్షత్రాలు వేసేవాళ్లకు రెండో ఏడాది సంగతి తెలియదు. ఇలాంటి మెషీన్ కొనేటప్పుడు నేను చూసేవి వేరు. డబ్బా మీద రాసే వాట్లు మోటారు ఎంత కరెంటు తింటుందో చెబుతాయి గానీ ఎంత గట్టిగా పీలుస్తుందో చెప్పవు. సంచి గుడ్డదైతే దులిపి మళ్లీ వాడుకోవచ్చు, కాగితపుదైతే ప్రతిసారీ కొనాలి. వైరు పొడవు ఒక గది దాటుతుందా? బ్రష్షు అరిగితే ఈ ఊళ్లో దొరుకుతుందా, పుణెకు రాయాలా? ఇవన్నీ గళ్లుగా గీసుకున్నాను.

దుకాణాల్లో ట్రయల్ కూడా నా పద్ధతిలోనే చేశాను. వాళ్లు ఓ గుప్పెడు పిండి చల్లి మెషీన్‌తో పీల్చి చూపిస్తారు. పిండిని ఏ మెషీనైనా పీలుస్తుంది. నేను మిల్లులో మగ్గాల కింద ఊడ్చిన పీచును సంచిలో నింపుకెళ్లి నేల మీద కుమ్మరించాను. ఒక దుకాణదారు దాన్ని చూసి, కాకా, మీ ఇంట్లో మనుషులుంటారా, గొర్రెలుంటాయా అని మరాఠీలో అడిగాడు. నేత పనివాళ్లం అన్నాను. అతను నవ్వడం ఆపి, మెషీన్ తనే నడిపించాడు.

చివరికి మూడు మిగిలాయి. మొదటిదానికి ఊళ్లో సర్వీసు లేదు. రెండోది పీల్చడంలో కొంచెం మెతక, కానీ బయటికి వదిలే గాలిని సన్నటి ఫిల్టరు గుండా వదులుతుంది. మూడోది గట్టిగా పీలుస్తుంది, గుడ్డ సంచి, విడిభాగాలు మంగళవార్ పేటలోనే దొరుకుతాయి. పైగా వెనక ఇంకో రంధ్రం ఉంది. పైపును ముందు నుంచి తీసి అక్కడ బిగిస్తే పీల్చడానికి బదులు ఊదుతుంది. పట్టికలో ఆ గడికి ఎదురుగా "బ్లోయరు కూడా ఉంది, ఒకే ధరకు రెండు పనులు" అని రాసి, పక్కన టిక్కు పెట్టాను. ఫిల్టరు సంగతికి నా పట్టికలో గడే లేదు.

మూడోదే కొన్నాను.

శనివారం మధ్యాహ్నం ఆటోలో దాజీ పేటకు తీసుకెళ్లాను. డబ్బా విప్పి, పైపు బిగించి, ప్లగ్గు పెట్టాను. కరెంటు లేదు. ఆ గల్లీలో పొద్దుటి నుంచీ లేదట. మూడు గంటలకు మిల్లులో నిల్వల తనిఖీ ఉంది, ఆడిటర్లు వచ్చి కూర్చున్నారు. అక్క టీ ఇచ్చి మెషీన్ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏనుగు తొండం లెక్కున్నది. దీన్కి గూడ అన్నం వెట్టాల్నా తమ్మీ?"

"వారానికోపారి సంచి దులుపుడే అక్కా. అది గూడ నువ్వు కాదు, బావ దులుపుతడు, బయట."

"అయితె మీ బావకంటె నయమే. ఆయనకు దినాం వెట్టాలె."

గుమ్మం దాటుతూ బావకు నేను చెప్పిన మాట ఆ రోజు డైరీలో ఉంది: "రోజూ పొద్దున మగ్గాలకు, నేలకు హవ పెట్టమని చెప్పాను. కరెంటు లేనందున నడిపి చూపలేదు."

ఈ హవ అనే మాట గురించి చెప్పాలి. హవ అంటే గాలి. మా టవల్ మిల్లులో మగ్గాల పైన పట్టాల మీద తిరిగే ఒక పెద్ద యంత్రం ఉండేది. అది పైనుంచి ఊదుతుంది, కింద వేలాడే గొట్టాలతో పీల్చుకుంటుంది. ఆ మొత్తం పనిని మేము హవ పెట్టడం అనేవాళ్లం. నేను ముప్పై ఏళ్లు ఆ మాట విన్నది ఆఫీసు కిటికీలోంచి, నాకు హవ అంటే శుభ్రం చేయడమే. బావ పనిచేసిన పాత మిల్లులో అలాంటి యంత్రం లేదు. అక్కడ జాబరు చేతిలో కంప్రెసర్ పైపు ఉండేది. షిఫ్టు మారేటప్పుడు నేతగాళ్లను బయటికి పంపి, మగ్గం సందుల్లోకి గాలి కొట్టి పీచంతా ఎగరగొట్టేవాళ్లు. బావకు హవ అంటే అదే.

వారం తర్వాత ఫోను చేశాను. అక్కే ఎత్తింది.

"మంచిగున్నది తమ్మీ. మగ్గాలు అద్దం లెక్క మెరుస్తున్నయ్. మీ బావ దాన్ని కింద వెడ్తలేడు."

"దగ్గు?"

"చలి దినాలు గదా. జర ఉన్నది."

డైరీలో "ట్రయల్: సంతృప్తికరం" అని రాశాను. నేల గురించి చెప్పకుండా మగ్గాలు మెరుస్తున్నాయని ఎందుకన్నదో నేను అడగలేదు. తర్వాత మరో రెండుసార్లు ఫోను చేశాను, రెండుసార్లూ బరోబర్ ఉంది అంది. తనిఖీ, నా రిటైర్మెంటు కాగితాల పని కలిసి నెలన్నర ఆ వైపు వెళ్లలేకపోయాను.

వెళ్లింది ఒక ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు. మెషీన్ చప్పుడు గల్లీ మొదట్లోనే వినిపించింది. గుమ్మం దగ్గర ఆగాను. లోపలికి పడుతున్న ఎండలో హాలంతా తెల్లగా ఉంది. బావ నోటికి తువ్వాలు కట్టుకుని, పైపును వెనక రంధ్రానికి బిగించి, మగ్గాన్ని పైనుంచి కిందికి వరుసగా ఊదుతున్నాడు. చేతి ఒడుపు చూస్తే మంచి జాబరని ఎవరైనా చెబుతారు. గడప అవతల వంటగదిలో అక్క కొంగు ముక్కుకు అదుముకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

నేను వెళ్లి ప్లగ్గు పీకాను.

"ఏందిది బావా?"

"ఏందంటె? హవ కొట్టకుంటె మగ్గం ఎట్ల సాఫ్ అయితది? డబ్బ మీద బొమ్మ జూసి పైపు ఎన్క వెట్టిన. నువ్వే గద వెట్టుమన్నవ్."

పైపు తీసి ముందు వైపు బిగించి, నేల మీద ఒక బారెడు మేర నడిపించాను. పీచు లేవకుండా లోపలికి పోయింది. బావ తువ్వాలు విప్పి, నేల వంక చూస్తూ నిలబడ్డాడు. అక్కను అడిగాను, ఇంత దుమ్ము లేస్తుంటే ఫోనులో ఒక్క మాటైనా ఎందుకు అనలేదని. ఆమె ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"సాఫ్ చేస్తె దుబ్బ లేస్తది గదా తమ్మీ. లేవకుంట ఎట్ల పోతది?"

అరవై ఏడేళ్లలో ఆమె చూసిన శుభ్రం అంతా అలాంటిదే. డాక్టరు చెప్పింది చీపురు దుమ్ము గురించి అనుకుంది. తమ్ముడు పెద్ద మిల్లులో మెషీన్లు కొనేవాడు, తెచ్చింది మంచిదే అయి ఉంటుందనుకుంది.

బావ ఆ వెనక రంధ్రాన్ని మూసేయమన్నాడు, నూలు చుట్టే ఒక కర్ర కండె తెచ్చి దూర్చబోయాడు కూడా. అది కుదరదు. పీల్చిన గాలి బయటికి పోవాల్సింది ఆ దారినే, మూస్తే మోటారు కాలిపోతుంది. ఏ రంధ్రం ఉందని టిక్కు పెట్టానో, ఆ రంధ్రం లేకుండా ఆ మెషీన్ లేదు. పైపును మాత్రం ముందు వైపే తాడుతో కట్టేసి వచ్చాను.

తర్వాతి మూడు వారాలు అక్కకు దగ్గు తగ్గింది. రాత్రి పడుకోగలుగుతున్నానంది. ఆ తగ్గడం నా తప్పుకు సాక్ష్యమే, అయినా డైరీలో రాశాను. మాఘ మాసంలో జ్వరం వచ్చి ఆయాసం తిరగబెట్టింది. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉంది. పదో రోజు తెల్లవారేసరికి లేదు. ఆ దుమ్ము వల్లేనా అని నేను డాక్టరును సూటిగా అడిగాను. ఆయన సూటిగానే చెప్పాడు: నలభై ఏళ్ల పొగాకు, అన్నేళ్ల నూలు, వాటిలోంచి ఒక నెలన్నరను విడదీసి తూచలేను. కాదని మాత్రం అనలేదు.

దినాలు అయిపోయాక కూడా బావ మగ్గాలు నడపలేదు. వెళ్తే మగ్గం పక్కనే కూర్చుని ఉండేవాడు. ఒకరోజు తన కుడి చెయ్యి చూసుకుంటూ అన్నాడు, "ఈ చేతితోనే కొట్టిన." మర్నాడు నేను డైరీ పట్టుకెళ్లాను. ఆయన చదివింది మరాఠీ బడిలో, తెలుగు అక్షరాలు రావు. మెషీన్ తెచ్చిన శనివారం పేజీ, వారం తర్వాతి ఫోను పేజీ తీసి నేనే చదివి వినిపించాను. హవ పెట్టమన్నది నేను, నడిపి చూపనిది నేను, ఎవరి సంతకమూ లేకుండా సంతృప్తికరం అని రాసింది నేను. ఇది నీ చేతి తప్పు కాదు, నా నోటి తప్పు అన్నాను.

"ఇంకోపారి సదువు."

మళ్లీ చదివాను. అప్పుడన్నాడు.

"నువ్వు చెప్పినవ్. నేను కొట్టిన. ఆమె గుంజుకున్నది. మెషిన్ చెయ్యాల్సిన పని మీ అక్క చేసింది బామ్మర్దీ."

ఆయన లేచి వెళ్లి మెషీన్ తెచ్చి, పైపు తాడు చూసి, గట్టిగానే ఉందని చెప్పి, వంటగది నేల మీద నడిపించాడు. మగ్గాలు అమ్మేశాక కూడా ఇప్పటికీ రోజూ పొద్దున నడిపిస్తాడు.

నేను రిటైరయ్యాక భవాని పేట, నీలం నగర్ ఇళ్ల వాళ్లు అప్పుడప్పుడు ఇలాంటి మెషీన్ ఎంచిపెట్టమని వస్తుంటారు. ఎంచిపెడతాను. మగ్గం ఉన్న ఇంటికి బ్లోయరు ఉన్నది వద్దంటాను, బయటికి వదిలే గాలికి ఫిల్టరు ఉన్నది చూడమంటాను, పీల్చే బలం కొంత తక్కువైనా సరే. మెషీన్ వచ్చిన రోజు వెళ్తాను. కరెంటు లేకపోతే వచ్చేదాకా కూర్చుంటాను. ఆ ఇంట్లో ఎవరికి దగ్గు ఉందో వాళ్ల ఎదుట, మెషీన్ పట్టే మనిషి చేతనే నడిపించి చూస్తాను. అప్పుడు గానీ డైరీలో సంతృప్తికరం అన్న మాట రాయను. ముప్పై ఒక్క ఏళ్లు మిల్లులో నేను పట్టుబట్టిన నియమం ఇదే. సొంత అక్క ఇల్లే కదా అని ఒక్కసారి వదిలేశాను. ఫోనులో విన్న "మంచిగున్నది" ట్రయల్ కాదు.