గుమ్మం బయట సాక్షి

మా వీధిలో ఎవరికి సంతకం కావాలన్నా నా దగ్గరికే వస్తారు. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసి దిగినదాన్ని కదా, అందుకని. పింఛను కాయితం, బ్యాంకు కాయితం, డయాలసిస్‌కి పేరు రాయించుకునే కాయితం, ఏదైనా సరే, "పిన్నీ, సాచ్చి సంతకం" అంటే చేతికున్న పిండి కొంగుకి తుడుచుకుని పెట్టేసేదాన్ని. చదివేదాన్ని కాదు. ఎదురుగా మనిషిని నిలబెట్టి కాయితం చదివితే నమ్మనట్టు ఉంటుందని మా వైపు మొహమాటం. ఆ మొహమాటం మొహం మండ.

మా పక్కింటి అబ్బాయి ఆటో నడుపుతాడు. ముప్పై ఏళ్ళుంటాయి, పెళ్ళాం, మూడేళ్ళ కూతురు. మా ఆయనకి కిడ్నీలు పోయి నాలుగేళ్ళయింది. వారానికి రెండుసార్లు ఆయన్నీ, ఊళ్ళో ఇంకో ముగ్గురినీ పలాస తీసుకెళ్ళి డయాలసిస్ అయ్యేదాకా కూర్చుని తీసుకొచ్చేది అతనే. తిరుగుదారిలో మా ఆయనకి కళ్ళు తిరిగితే జీడితోట పక్కన ఆటో ఆపి తువ్వాలుతో విసిరేవాడు.

ఒకరోజు పొద్దున్న తొమ్మిదిన్నరప్పుడు గేటు దగ్గర కూర్చుని కొబ్బరాకు ఈనెలు తీస్తున్నాను. జీపొచ్చి వాళ్ళింటి ముందు ఆగింది. నలుగురు దిగేరు, అందులో ఆడ పోలీసు లేదు. అతని పెళ్ళాన్నీ పాపనీ బయటికి పంపేసేరు. అతన్ని జీపు దగ్గరే నిలబెట్టేరు.

"ఏటయింది సార్, నానేటి సేసేను?" అన్నాడు.

"గంజాయితో దొరికినోడి ఫోన్లో నీ నంబరుంది" అన్నాడు ఎస్సై.

అతని నంబరు ఎవరి ఫోన్లో లేదు? మా ఉద్దానంలో సగంమంది కిడ్నీ రోగుల దగ్గరుంది. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు గానీ, ఆ పూట మాత్రం పెగల్లేదు.

పది నిమిషాలు లోపల గిన్నెలు దొర్లిన చప్పుడయింది. బయటికొచ్చినప్పుడు వాళ్ళ చేతుల్లో ఒక ఫోనూ, ఆటో కాయితాలూ తప్ప ఇంకేమీ లేవు. ఇది నా రెండు కళ్ళతో చూసేను. అప్పుడు ఎస్సై నా దగ్గరికొచ్చి, "అమ్మా, మీరు టీచరంట గదా. ఊరి పెద్దమనిషి సంతకం ఒకటి కావాలి" అని అట్ట చేతికిచ్చేడు. పై కాయితం మీద రెండు లైన్లు ఉన్నాయి. కింద కాయితం తెల్లగా ఉంది. రెంటి మీదా సంతకం పెట్టి, అడక్కుండానే నా అడ్రసు కూడా గుండ్రంగా రాసిచ్చేను. పైగా టీ తాగుతారా అని అడిగేను.

అతన్ని జీపెక్కించుకుని వెళ్ళిపోయేరు. ఆ తెల్ల కాయితం మీద ఏం రాసుకున్నారో మర్నాడు తెలిసింది. మంచం కింద గోనెసంచిలో నాలుగు కేజీల గంజాయి దొరికిందంట, నేను లోపలికెళ్ళి కళ్ళారా చూసేనంట. రెండో సాక్షి ఎవరో మా ఊరి మనిషే కాదు. 

తొమ్మిదో రోజున అతని పెళ్ళాం, ఆ పిల్ల, కాశీబుగ్గ నుంచి లాయర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆయన ఓపిగ్గా చెప్పేడు. "పోలీసైనా ఊరికే గుమ్మం దాటడానికి లేదమ్మా. కోర్టు ఇచ్చిన వారంటుండాలి, లేకపోతే వారంటు కోసం ఎందుకు ఆగలేకపోయేరో ముందే రాసిపెట్టాలి. ఊళ్ళోవాళ్ళు ఇద్దరు దగ్గరుండి చూడాలి. ఇప్పుడు కొత్త చట్టంలో వీడియో కూడా తియ్యాలి. మన ఇల్లు మనదన్న హక్కు రాజ్యాంగంలో బతికే హక్కుతో పాటే వచ్చింది. అక్కడ ఇవేవీ జరగలేదు. జరిగినట్టు చెబుతున్న ఊరివాళ్ళ సంతకం మీదొక్కటే. మీరు లోపలికి వెళ్ళలేదని అఫిడవిట్ ఇస్తే బెయిలుకి వేస్తాను."

"ఆలోచించి చెబుతాను" అన్నాను.

ఆ పిల్ల నా మొహంకేసి చూసి లేచి వెళ్ళిపోయింది.

ముందురోజు సాయంత్రమే ఒక కానిస్టేబులు బండి మీద వచ్చి వెళ్ళేడని వాళ్ళకి చెప్పలేదు. "సంతకం మీదే గదా మేడం. మాట మారిస్తే తప్పుడు సాక్ష్యం కేసు మీ మీదే పడతాది. ఇంట్లో పేషెంటున్నాడు, సూసుకోండి" అని నవ్వుతూనే చెప్పి, మంచినీళ్ళడిగి తాగి వెళ్ళేడు. అతను లేకపోయేక ఈయన్ని పలాస తీసుకెళ్తున్నది నేనే, నన్ను కూడా తీసుకుపోతే ఇంకెవరు తీసుకెళ్తారు? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని రోజులు నెట్టేను.

ఎన్ని రోజులని చెప్పను. వీధిలో బండి చప్పుడైతే తలుపు గడియ పెట్టేదాన్ని.  మా ఇంట్లో కూడా ఏదైనా పెట్టి తీస్తారేమోనని మంచం కిందా బియ్యం డబ్బా వెనకా రోజుకి రెండుసార్లు వెతికేదాన్ని. పింఛను కాయితం మీద సంతకానికి ముసలావిడ వస్తే కళ్ళజోడు విరిగిందని అబద్ధమాడి పంపేసేను. ఆ పిల్ల జైలుకి ములాఖత్‌కి వెళ్ళినప్పుడల్లా పాపని నా దగ్గరే వదిలేది. అడిగేది కాదు, వదిలి వెళ్ళేది. దానికి జడలు వేసి అన్నం పెట్టి, అదేదో ప్రాయశ్చిత్తమనుకున్నాను.

ఒక ఆదివారం మా చర్చిలో పాస్టరుగారు అతని కోసం ప్రార్థన చెయ్యమని నన్నే లేపేరు. లేచేను. "నిర్దోషిని విడిపించు ప్రభువా" అని గట్టిగా, కన్నీళ్ళతో ప్రార్థన చేసేను. మూడు వరసల వెనక ఆ పిల్ల కూర్చుంది. ఆమేన్ అందరూ అన్నారు. తనందో లేదో వెనక్కి తిరిగి చూడ్డానికి నాకు ధైర్యం లేకపోయింది. ప్రభువు విడిపించాలన్నా నా సంతకమే కావాలి, ఇంకెవర్ని పంపుతాడు? ఇంటికొచ్చి, కానిస్టేబులు మాటతో సహా అంతా చెబితే మా ఆయన, "నన్ను అడ్డం పెట్టుకోకు. నాకు బయం లేదు, ఉన్నది నీకు" అన్నాడు. ఆ మాటకి రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అయిదో నెల దాటేక మళ్ళీ జీపొచ్చింది. ఈసారి మూడిళ్ళవతల, జీడిపప్పు పొట్టు తీసే పనికెళ్ళే ఆవిడ ఇంటికి. అదే ఎస్సై. నన్ను చూసి చనువుగా నవ్వి, "రండి మేడం, మీరుంటే మాకు పని సులువు" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. సిగ్గుతో మండిందో కోపంతో మండిందో ఇప్పటికీ చెప్పలేను. చెప్పులు వేసుకుని వెళ్ళేను. 

"ముందు నాను లోపలికొత్తాను సార్. మీరు ఎతికిందల్లా సూత్తాను. కాయితం రాసింతర్వాత సదువుతాను. అప్పుడు పెడతాను" అన్నాను. 

ఎస్సై నన్ను ఎగాదిగా చూసేడు. "అవసరం లేదులెండి" అన్నాడు. లోపలికి వెళ్ళేరు, నేనూ వెనకే వెళ్ళి గోడకానుకుని నిలబడ్డాను. రెండు పెట్టెలు తెరిచి చూసి, ఏమీ దొరకలేదని బయటికొచ్చి జీపెక్కేరు. ఆవిడ దుప్పట్లు మళ్ళీ మడతపెట్టుకుంటోంది. అంతే అయింది. ఇంత చిన్న పని ఆ రోజు నేను చెయ్యలేకపోయేనని అక్కడే ఏడుపొచ్చింది.

మర్నాడే కాశీబుగ్గ వెళ్ళి అఫిడవిట్ మీద సంతకం పెట్టేను. ప్రతి లైనూ రెండుసార్లు చదివి పెట్టేను. మూడు వారాలకి అతనికి బెయిలొచ్చింది. నా మీద కేసు ఇంకా ఏదీ రాలేదు. వస్తుందేమోనన్న భయం మాత్రం ఉంది.

వచ్చిన రోజు సాయంత్రం అతనే మా ఇంటికొచ్చేడు, పెళ్ళాంతో. చిక్కిపోయేడు. పాప అతని దగ్గరికి పోనని నా చీర పట్టుకుని నిలబడింది.

"మీరు సెప్పబట్టే బయటకొచ్చేను పిన్నీ" అని నా కాళ్ళకి వంగబోయేడు.

ఆ పిల్ల నా కళ్ళల్లోకి చూసింది. మొదట్లోనే లాయరొచ్చిన సంగతి మొగుడికి చెప్పలేదని అప్పుడర్థమయింది. నేనూ ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఇంక మొయ్యలేకపోయేను.

"లేదు నాయనా. నువ్వు లోపలికెళ్ళిన తొమ్మిదో రోజునే లాయరొచ్చి అడిగేడు. నానే ఇవ్వలేదు. అయిదు నెల్లు ఊరుకున్నాను" అన్నాను.

అతను సగం వంగినవాడల్లా నెమ్మదిగా లేచేడు. వెళ్ళి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. పాపకేసే చూసేడు.

"నాను లోపలున్నది మొత్తం ఆరు నెల్లే పిన్నీ. అందులో అయిదు..." అన్నాడు.