చెవికి మూడింతలు

మా మామ గుంతకల్లులో రిటైరైన రైల్వే గార్డు. ఆయన ఇంటి ముందుగదిలో గోడకు రెండు పెద్ద మేకులు ఉండేవి. తుపాకీ లైసెన్సు వచ్చిననాడే కృష్ణజింక కొమ్ములు తగిలించాలని కొట్టుకున్న మేకులవి. ఏళ్లు గడిచినా కొమ్ములు రాలేదు. మా అత్త పొరపాటున వాటికి గొడుగు తగిలించిందా, ఇల్లు పీకి పందిరి వేసేవాడు.

డెబ్బైల మొదట్లో, వేటకు ఇంకా పర్మిట్లు ఇచ్చే రోజుల్లో, ఆయనకు ఒకటి దొరికింది. ఒకే ఒక్క జింక, అదీ పోతు, కొమ్ములు పర్మిట్టులో రాసిన కొలతకు తగ్గకూడదు. లేత పోతును కొడితే తుపాకీ లాగేసుకుంటారు. ఆయనకేమో దూరపు చూపు మందగించింది. వచ్చే ఏడు పర్మిట్లే ఉండవని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. "నా కండ్లు నువ్వే అల్లుడూ" అంటే కాదనలేకపోయాను.

తెల్లవారుజామున ఐదున్నరకు ఉరవకొండ బస్సెక్కాం. కండక్టరు గుడ్డసంచిలోని తుపాకీని తడిమి, "ఏమప్పా, దీనికీ టికెట్టు కొట్టాల్నా?" అన్నాడు. మామ కోపం దిగమింగి దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఏడున్నరకు ఉరవకొండలో టీ తాగి బెళుగుప్ప బస్సు పట్టుకున్నాం. తొమ్మిది దాటాక దోవలో దిగేసరికి ఓబన్న సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మెట్టల్లో జింకల జాడ చూపించే రైతు ఆయన. ఆ ఏడు చెనిక్కాయ పైరు మాడిపోవడంతో చేతిలో పనిలేదు.

అటు వెళ్లేవాళ్లకు ఒక మాట, నీళ్లు దండిగా మోసుకెళ్లండి. మేం ఒక్క సీసాతో బయల్దేరి, నాలుక పిడచకట్టుకుపోయి అల్లాడాం. ఎర్రమన్ను, నల్లరాళ్లు, ఎండుగడ్డి. ఇంత నేలను ఒక్క చూపులో నేనెన్నడూ చూడలేదు. మాట్లాడాలంటేనే భయమేసింది.

పదకొండుకు ఎండిపోయిన ఒక వంక గట్టు చాటున ఓబన్న మమ్మల్ని కూర్చోమన్నాడు. ఎదురుగా బీడు నేలలో ఇరవై దాకా జింకలు. బైనాక్యులర్స్ పెట్టి చూశాను. ఒక పోతు కనిపించింది. దాని ఒంటికి ఆ కొమ్ములు ఎంత పెద్దవో!

"మామా, పెద్దదే. కొట్టండి" అన్నాను.

మామ తుపాకీ భుజానికి ఆనించాడు. ఓబన్న చెయ్యి చాచి గొట్టాన్ని కిందికి నొక్కేశాడు.

"ఒళ్లు జూసి చెప్తాండావా అప్పా? కరువులో ఒళ్లు కరుగుతాది, చెవి కరగదు. కొమ్మును చెవితో కొలువు. మూడింతలుంటేనే లెక్కకొచ్చేది" అన్నాడు నాతో.

మళ్లీ చూశాను. చెవికి రెండింతలైనా లేవు. తిండిలేక బక్కచిక్కిన లేత పోతు అది. ఒళ్లు తగ్గి కొమ్ములు పెద్దవిగా కనిపించాయి, అంతే. నా ఒక్క మాటకు దాని ప్రాణం, మామ తుపాకీ రెండూ పోయేవి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"నీ కండ్లకంటే నావే నయం గదప్పా" అన్నాడు మామ.

అంతలో ఎక్కడో మేకలకాపరి కేక వేశాడు. మంద మొత్తం మావైపే లేచింది. అబ్బబ్బా, ఏం చెప్పను! ఒకదాని వెనక ఒకటి నిలువెత్తు ఎగురుతూ, కాళ్లు నేలకు తగిలీ తగలకుండా వచ్చాయి. మేయడానికి గడ్డి లేదు, తాగడానికి చుక్క నీరు లేదు. ఆ బలం ఎక్కడిదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

అన్నిటికంటే వెనక ఒక పోతు వచ్చింది. వీపు కాటుక నలుపు, కడుపు తెలుపు. మాకు ముప్పై బారల దూరంలో ఆగి తల పైకెత్తింది. మెలికల కొమ్ములు వీపు మీదికి వాలాయి. ఇక నా కళ్లతో మామకు పనిలేదు. మూడింతలు దాటి ఉన్నాయి.

"ఇదే అన్నా, కొట్టు" అని ఓబన్న గుసగుసలాడాడు.

తుపాకీ మామ భుజాన ఉంది, కన్ను మాత్రం గురి మీద లేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. పోతు మమ్మల్ని తీరిగ్గా చూసి, ఒక్క ఎగురు ఎగిరి ఎర్రదుమ్ములో కలిసిపోయింది.

"ఏమన్నా, ఇట్ల జేస్తివి?" అన్నాడు ఓబన్న.

"సేతిలో తుపాకీ ఉండాదనేదే మర్సిపోతినప్పా" అన్నాడు మామ.

ఓబన్న మూట విప్పి జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి పెట్టాడు.

మధ్యాహ్నం మూడింటి బస్సుకు తిరుగుముఖం పట్టాం. పక్కసీటాయన సంచి చూసి, "ఏం కొట్టినారన్నా?" అని అడిగాడు. మామూలుగా అయితే మామ అరగంట కోతలు కోసేవాడు.

"సూసినాం" అన్నాడు, అంతే.

ఆ తర్వాత నిజంగానే వేట నిషేధించారు. ఇప్పుడు అటు వెళ్లేవాళ్లకు రెండు సీసాల నీళ్లు, కాస్త ఓపిక ఉంటే చాలు. తీసుకొచ్చేదేమీ ఉండదు గానీ మరిచిపోయేదీ ఉండదు.

ఆ సాయంత్రం బస్సులో, గుంతకల్లు ఇంకో మైలుందనగా మామ కిటికీలోంచి తల తిప్పకుండానే మెల్లగా అన్నాడు.

"అల్లుడూ, మీ అత్తకు నువ్వే చెప్పు. ఆ మేకులకు గొడుగు తగిలిచ్చుకోమను."