మాల తీసిన మర్నాటి మాత్రలు

మా బావ అయ్యప్ప మాల వేసుకున్న చలికాలంలో నేను డబ్లిన్ శివార్లలో, చెర్రీవుడ్‌లో వాళ్ళ ఫ్లాట్‌లోనే ఉండేవాణ్ణి. చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. డబ్లిన్ అద్దెలకు దూరం నుంచే దండం పెట్టి అక్క పంచన చేరాను. బావ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. అంటే వెన్నునొప్పి ఉందని వేరే చెప్పక్కర్లేదు.

మా వాళ్ళెవరు ఊరి నుంచి వచ్చినా పెట్టెలో సగం పచ్చళ్ళు, సగం మాత్రలు ఉంటాయి. వంటింటి అల్మరాలో, ఇక్కడివాళ్ళ మాటలో ప్రెస్‌లో, కందిపప్పు డబ్బా పక్కన ఓ గుడ్డసంచి ఉండేది. జలుబు నుంచి విరేచనాల దాకా అన్నిటికీ అందులో మందు ఉంది. ఇక్కడ జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు రోగమే విసుగొచ్చి వెళ్ళిపోతుందని మా నమ్మకం. అయినా బావ ఒకసారి వెళ్ళాడు. జీపీ ఆయన్ని అటూ ఇటూ వంచి చూసి రోజూ చేయాల్సిన వ్యాయామాలు చెప్పింది. బావ శ్రద్ధగా విన్నాడు. ఇంటికొచ్చి సంచిలోంచి ట్రమడాల్ తీసి వేసుకున్నాడు.

అది మామూలు నొప్పిమాత్ర కాదని, ఒంట్లో నల్లమందు పనిచేసే చోటే అదీ పనిచేస్తుందని మాకు తెలియదు. మొదట్లో ఒకటి వేసుకుంటే సాయంత్రం దాకా హాయిగా ఉండేవాడు. కొన్నాళ్ళకు ఒకటి చాలలేదు. తర్వాత రెండూ చాలలేదు. ఏడాది తిరిగేసరికి గుప్పెడు మింగి కూడా మీటింగుల్లో చక్కగా మాట్లాడేవాడు. తూలడం లేదు, మత్తు లేదు.

"చూశావురా, నా ఒంటికి బాగా పడింది," అన్నాడొకసారి.

"మా అమ్మ కారం లాగన్నమాట. పెళ్ళయిన కొత్తలో వేలితో నాకి ఏడ్చావు, ఇప్పుడు గరిటెతో వేసుకుంటున్నావు."

"నోరు ముయ్‌రా."

ఎకసెక్కానికి అన్న ఆ మాటే నిజమని తర్వాత డాక్టరు చెప్పింది. అప్పుడు నవ్వు రాలేదు.

నవంబరులో మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, నేలమీద పడక, తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం. ఐర్లండ్ నవంబరులో చన్నీళ్ళంటే భక్తికి బాగా పైమాటే. చెప్పుల్లేకుండా లువాస్ ట్రామ్‌లో నిలబడితే ఒక ముసలావిడ చూడలేక తన సంచిలోంచి ఊలు సాక్సులు తీసిచ్చింది. స్వామి వాటిని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. దీక్షలో ఉన్నాయన్ని బావా అనకూడదు, స్వామీ అనాలి, మీరు అనాలి. నాకు అదే పెద్ద శిక్ష.

మత్తు కలిగించేది ఏదీ ముట్టకూడదన్నాడు గురుస్వామి. బావ నిజాయితీపరుడు. ఆ మాత్రలూ ఆ కోవలోకే వస్తాయనుకుని, ఆ రోజే మొత్తం మానేశాడు. రెండో రోజు నుంచి ముక్కు కారడం, ఆవులింతలు, చెమటలు, విరేచనాలు, పడుకుంటే కాళ్ళు ఆగకపోవడం. అక్క బెంబేలెత్తి గురుస్వామికి ఫోన్ చేసింది. అయ్యప్ప లోపలి మలినం కడుగుతున్నాడమ్మా, అన్నాడాయన.

"కడగడం ఎప్పటికవుతుందో కనుక్కోవే, బాత్రూమ్ ఖాళీ కావడం లేదు," అన్నాను.

వారం తిరిగేసరికి అన్నీ సద్దుకున్నాయి. మిగిలిన మండలమంతా బావ మాత్ర మొహం చూడలేదు. చలికి వంగి నడుస్తూనే నొప్పి భరించాడు. మా అందరికీ ఆయనంటే కొంచెం గౌరవం కూడా పుట్టింది.

ఒక శనివారం కమ్యూనిటీ హాల్లో పడిపూజ చేసి మాల తీశారు. కుర్చీలన్నీ మోసిందీ, సర్దిందీ బావే. ఆదివారం పొద్దున నడుం పట్టేసి మంచం మీంచి లేవలేకపోయాడు. అక్క ఇన్నాళ్ళకు కోడికూర వండుతోంది. బావ గోడ పట్టుకుని వంటింట్లోకొచ్చి ప్రెస్ తెరిచాడు.

"ఎన్ని?" అంది అక్క.

"ఎప్పుడూ వేసుకునేవే. కొత్తేముంది?"

వేసుకుని సోఫాలో వాలాడు. కాసేపటికి గురక మొదలైంది. వింత గురక. గొంతులో నీళ్ళున్నట్టు గరగరమని ఒకటి, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి.

"ట్రాక్టరు మిట్ట ఎక్కుతోంది," అన్నాను ఫోన్ చూసుకుంటూ.

"మీ బావని లేపరా, అన్నం పెడతాను," అంది అక్క.

ట్రాక్టరు ఆగిపోయింది. తలెత్తి చూశాను. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. డిసెంబరులో, డబ్లిన్‌లో, మా ఇంట్లో నేరేడుపళ్ళు లేవు. భుజం పట్టి ఊపితే తల ఒక పక్కకి జారింది. చెంపమీద కొట్టాను. బావని కొట్టే అవకాశం కోసం ఏళ్ళుగా ఎదురుచూసినవాణ్ణి. కొట్టినా ఆయన ఏమీ అనలేదు.

అంబులెన్స్‌కి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి తాపీగా, నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి తల వెనక్కి వంచమంది. ఆయన ఊపిరి తీసిన ప్రతిసారీ "నౌ" అనమంది. "నౌ," అన్నాను. తర్వాత అనడానికేమీ లేదు. కుక్కర్ కూసింది. అక్క పొయ్యి ఆపలేదు, నన్నే చూస్తోంది. ఆ పిల్ల "హలో, ఉన్నారా?" అంది. నేనున్నాను, ఆయన ఉన్నాడో లేదో తెలియడం లేదు. "నౌ," అన్నాను చివరికి. నా జీవితంలో నేనంత తక్కువ మాట్లాడిన ఫోన్ కాల్ ఇంకోటి లేదు.

అంబులెన్స్ వాళ్ళు రాగానే మొహానికి మాస్కు పెట్టి ఊపిరి ఊదారు. సోఫా కింద మాత్రల ఖాళీ అట్ట చూసి, విరుగుడు సూది వేశారు. కాసేపటికి బావ కళ్ళు తెరిచి, "ఎవడ్రా కొట్టింది?" అన్నాడు. అక్క అప్పుడు ఏడ్చింది.

ఆసుపత్రిలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ తెలుగావిడే. అక్క "అయ్యో" అనడం విని ఇటు తిరిగింది. ఎంత ప్రాణం మీదికొచ్చినా ముందు ఏ ఊరో తేల్చుకోవాలి కదా.

"మీదెక్కడమ్మా?"

"గుంటూరండీ."

"మాది నరసరావుపేట. మధ్యలో మాత్రలు మానేశారట, ఎన్నాళ్ళు?"

"మండలం, మేడమ్," అన్నాను. "మునుపు వేసుకున్నన్నే వేసుకున్నారు, ఎక్కువేం కాదు."

"అదే ప్రమాదం. రోజూ వేసుకున్నప్పుడు ఒళ్ళు ఓర్చుకోవడం నేర్చుకుంది. మానేశాక ఆ ఓర్పు పోయింది. మనిషి మొదటి రోజు మనిషి, మింగింది చివరి రోజు మోతాదు. ఊపిరి తీయమని చెప్పే మెదడే నిద్రపోయింది. మునుపు క్షేమంగా ఉన్నారని కూడా అనుకోకండి. నొప్పి ఆ మందుకి అలవాటు పడినంత త్వరగా ఊపిరి అలవాటు పడదు. అంచుమీదే నడిచారు. అలాగని ఒక్కరోజులో మానేయడమూ తప్పే. మా చేత చూపించుకుంటూ మెల్లగా తగ్గించాలి."

ఆవిడ వెళ్ళగానే బావ మంచం మీంచి కాళ్ళు కిందికి దించాడు.

"ఐ యామ్ గ్రాండ్, బ్రహ్మాండంగా ఉన్నాను. పదండి, కూర చల్లారిపోతుంది. పొద్దున నాకు డెమో ఉంది."

"పడుకోండి," అంది అక్క.

"ఏమైందే ఇప్పుడు? కాస్త మొద్దునిద్ర పట్టింది. వీడు గాభరాపడి ఊరందర్నీ పిలిచాడు. ఒరేయ్, నా బూట్లేవిరా?"

సూది ప్రభావం ముందు దిగిపోతుందనీ, మాత్రల ప్రభావం ఇంకా మిగిలే ఉంటుందనీ, ఆ మధ్యలో మళ్ళీ ఊపిరి ఆగవచ్చనీ, రేపటిదాకా కదలనివ్వొద్దనీ నర్సు నాకు అప్పటికే చెప్పింది. బావ వినే రకం కాదు. చెయ్యి పట్టి ఆపితే విదిలించుకుంటాడు.

"బావా, ఫోన్‌లో ఆ అమ్మాయి నువ్వు ఊపిరి తీసినప్పుడల్లా చెప్పమంది," అన్నాను. "నేను చెప్పలేకపోయాను. నువ్వు తీయలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఎప్పటిలా చివర్లో ఓ వెటకారం వస్తుందని ఆగాడు. నేనూ వెతికాను. నాలుక మీదికి ఏమీ రాలేదు.

బావ మెల్లగా కాళ్ళు మంచమ్మీదికి తీసుకుని దుప్పటి లాక్కున్నాడు. "సర్లే," అన్నాడు.

కాసేపు డెమో గురించి చెబుతూ ఉన్నాడు. ఎవరికి మెయిల్ పెట్టాలో నాకు చెబుతూ మాట మధ్యలో ఆగాడు. రెప్పలు వాలాయి. పక్కనున్న మిషన్ మోగింది. నర్సు పరిగెత్తుకొచ్చి రొమ్ముమీద పిడికిలితో గట్టిగా రుద్ది, ఇంకో సూది ఎక్కించింది. ఇంటికి బయల్దేరి ఉంటే మేం అప్పుడు దారిలో ఉండేవాళ్ళం.

బావ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. "ఏంటి? ఏమైంది?"

"ఏం లేదు," అన్నాను. "ఊపిరి పీల్చు."

పీల్చాడు. నేను కుర్చీ మంచానికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.