పన్నెండో బోను

నిన్న సెంబవాంగ్‌లో బస్సు దిగగానే, సముద్రపు ఆటుకు బయటపడ్డ బురద వాసన ముక్కుకు తగిలింది. పక్కనున్నవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా సింహాచలం అంకుల్ గుర్తొచ్చారు.

ఆయన మా పరిశోధనశాలలో ఫీల్డు సహాయకుడు. తాతలు శ్రీకాకుళం నుంచి మలేషియా రబ్బరు తోటలకు వెళ్తే, ఈయన పని కోసం వంతెన దాటి ఇటు, ఈ పక్క ద్వీపదేశానికి దిగారు. నేను గుంటూరు నుంచి పీతల మీద పీహెచ్‌డీకి వచ్చిన, నోరు కాస్త ఎక్కువున్న పిల్లను. మడ అడవి అంచున బురదలో పన్నెండు వల బోనులు పెట్టి, పడ్డవాటిని కొలిచి వదిలేసేవాళ్ళం. తీసేటప్పుడు ఆయన ప్రతి బోను మీదా చెయ్యి వేసి నంబరు పైకి చదివేవారు. "ఇదేమన్నా గుళ్ళో అర్చనా అంకుల్?" అని ఆటపట్టించేదాన్ని. "లోపలున్నదానికి నోరు నేదు కదమ్మా, మనమే సెప్పాల లా" అనేవారు, ఇక్కడివాళ్ళ అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి.

ఆ విడత ఆఖరి రోజు వాన ముంచుకొచ్చింది. యీషున్‌లో స్నేహితులు భోజనానికి ఎదురుచూస్తున్నారు. ఆయనకు మోకాలి నొప్పి, అందుకని గట్టున కూర్చోబెట్టి నేనొక్కదాన్నే దిగాను. పదకొండు దొరికాయి. నీళ్ళు పెరుగుతున్నాయి. పన్నెండోది రేపు చూసుకుందాంలే అనుకుని, ఉన్నవాటిని మడిచి గోనెసంచుల్లో కట్టేసి, "అన్నీ తీసేశా అంకుల్" అన్నాను. నా మాట నమ్మి ఆయన, బోనులన్నీ తీసేసినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టారు. రేపు రేపంటూ మరిచేపోయాను.

నెల తర్వాత మట్టి నమూనాల కోసం మళ్ళీ వెళ్ళాం. ఒకచోట కుళ్ళు కంపు. అంకుల్ బురదలోంచి బోను లాగారు. ఓరి దేవుడా! లోపల గుర్రపు డెక్కలాంటి పెంకుండే పీతలు ఒకదాని మీద ఒకటి చచ్చిపడి ఉన్నాయి. వాటిని తినడానికి వచ్చిన చేపలు, మామూలు పీతలు, అవీ చచ్చాయి. ముందు చచ్చింది తర్వాతదానికి ఎర అయింది. అడుగున ఒక్కటి మాత్రం కాళ్ళు కదిలిస్తోంది.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. బతికినదాన్ని తీసి నా అరచేతుల్లో పెట్టారు. "బెలంగ్కాస్" అన్నారు, ఆ డెక్క పీతకు ఇక్కడి పేరు అది. "నీళ్ళలోకి నువ్వే దింపు. అంతదాకా ఒగ్గేయకు" అన్నారు. అది నా చేతుల్లో తన్నుకుంటూనే ఉంది.

మర్నాడు నేను వెళ్ళేసరికి ఆయన ప్రొఫెసర్ ముందు నిలబడి, "సంతకం నాది, తప్పు నాదే" అంటున్నారు. ఆయనది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. పోతే ఆ వయసులో ఇంకొకటి దొరకదు. అది తెలిసి కూడా కాసేపు నోరు విప్పలేదు నేను. ఆ కాసేపటికి ఇవాళ్టికీ సిగ్గుపడతాను. చివరికి చెప్పేశాను. ఆ ఏడాదికి నా ఫీల్డు అనుమతి పోయింది. ఆయన ఉద్యోగం నిలిచింది.

"సారీ అంకుల్" అని ఏడ్చాను.

"నాకెందుకు? నా పేణం పోనేదు కదా. అక్కడికెళ్ళి సెప్పు."

తనే తీసుకెళ్ళారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, బురద ముందు నిలబడి సారీ అన్నాను. అక్కడ పర్లేదులే అనేవాళ్ళు ఎవరూ లేరు. ఆ సంగతి అప్పుడు తెలిసొచ్చింది.

అంకుల్ ఇప్పుడు లేరు. నిన్న అదే బురదలోంచి నా విద్యార్థులు బోనులు తెచ్చారు. "అన్నీ తీసేశాం లా డాక్టర్, వాన వస్తోంది" అన్నారు. సంచులు విప్పించి, ఒక్కోదాని మీదా చెయ్యి వేసి నంబరు పైకి చదివాను. పిల్లలు ముసిముసిగా నవ్వారు. పన్నెండూ ఉన్నాయి. వానలో తడుస్తూ, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.