రెండు సాక్సులూ తీయమనే గుడ్‌వేగ్

మా దీవిలో ఎవరినైనా ఒంట్లో ఎలా ఉందని అడగండి, ఒకటే జవాబు: "మరీ అంత చెడ్డగా ఏం లేదు." వల తాడులో పడి వేలు తెగినవాడూ అదే అంటాడు. నొప్పి అని నోరు విప్పడం ఇక్కడ సిగ్గుమాలిన పని.

అందుకే గుడ్‌వేగ్ మా నోళ్ళను నమ్మేది కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంటింటికీ తిరిగిన నర్సు. ఆపరేషన్ చేయించుకుని ఎవరు పడవ దిగినా మర్నాడే వాళ్ళ గుమ్మంలో ఉండేది. "రెండు సాక్సులూ తీయి," ఇదే మొదటి మాట. రెండు పిక్కలూ పట్టి, ఏది వాచింది, ఏది వేడిగా ఉంది అని చూసేది. తర్వాత కట్టు విప్పి, గాయం అంచు ఎర్రబడిందా, చీము వాసన వస్తోందా అని విప్పిన కట్టును ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. మెట్లెక్కించి ఆయాసం చూసేది. మగవాళ్ళు 'సాక్సుల పోలీసు' అని వెక్కిరించేవాళ్ళు.

మా ఆయన హల్వార్ మోకాలి ఆపరేషనై వచ్చిన వారం ఆమె సెలవులో ఉంది. ఆయన "మరీ అంత చెడ్డగా ఏం లేదు" అన్నాడు, నేను నమ్మాను. పిక్కలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి, ఐదో రోజున పోయాడు. పదకొండేళ్ళయినా నన్ను నేను క్షమించుకోలేదు.

పోయిన అక్టోబరులో గుడ్‌వేగ్‌కే తుంటి మార్చారు. పదో రోజు, ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. పొయ్యి మీద కాఫీ లేదు. ఆ ఇంట్లో కాఫీ లేకపోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఎలా ఉంది?"

"మరీ అంత చెడ్డగా ఏం లేదు."

"రెండు సాక్సులూ తీయి."

"ఏమే ఓడ్నీ, తాతకు దగ్గులు నేర్పుతున్నావా?" అని నా పేరు పెట్టి కసిరింది.

నేనే వంగి లాగేశాను. ఎడమ పిక్క కుడిదానికి ఒకటిన్నర రెట్లుంది, కాలిపోతోంది.

"కోసిన కాలు వాయకుండా ఉంటుందా? మామూలే," అంటూ పిక్క నలపబోయింది.

"ముట్టుకోకు, నలిపితే గడ్డ పైకెక్కుతుంది! మామూలు వాపైతే కాలు ఎత్తి పడుకుంటే తెల్లారేసరికి తగ్గిపోతుందని చెప్పింది ఎవరు? తెల్లారి ఎంతసేపైంది?"

చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత గొణిగింది. "ఆదివారం పూట ఆ ఆంబులెన్సు పడవవాళ్ళను ఊరికే ఎందుకు కదిలించడం? రేపు చూద్దాంలే. కొంపేం మునిగిపోలేదు."

"నా కొంప ఇలాగే మునిగింది," అని ఫోన్ తీశాను.

ఆంబులెన్సు పడవ ఒడ్డు వదలగానే ఆమెకు ఆయాసం మొదలైంది. ఆక్సిజన్ పెడుతూ పడవలోని నర్సు అడిగింది, "ఎలా ఉందమ్మా?"

గుడ్‌వేగ్ అలవాటుగా నోరు తెరిచింది. నా వైపు చూసి మూసుకుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బాగాలేదు," అంది.

మా దీవి మనిషి నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. ఆ చెయ్యి నేను వదల్లేదు.

ఆమె బతికింది. డాక్టరు ఆ సంగతి చెప్పి వెళ్ళాక, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఒక్క మాట హల్వార్ కూడా అని ఉంటే అనుకున్నాను. అనకపోతే మాత్రం ఏం, ఆ సాక్సు నేనే లాగి ఉండాల్సింది.