అప్పడాల మధ్య కర్పూరం

ఆ రోజుల్లో నా చదువేమిటో ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలననే భ్రమ నాకు బలంగా ఉండేది. (ఇప్పుడు పాఠాలు చెప్పి బతుకుతున్నాను కాబట్టి అది పూర్తిగా వదిలింది.) బర్మాలో, యాంగన్‌లో ఎమ్మెస్సీ చేస్తూ, గ్రాఫైటు పొరల మధ్య ఇరుక్కున్న వాయువు అణువులు ఏం చేస్తాయో తేల్చే మహత్కార్యంలో ఉన్నాను. ఆ ఊళ్లోనే పబేడాన్‌ పేటలో పప్పుల కొట్టున్న మా పెద్దనాన్నది ఇంకా గొప్ప ఆలోచన: అమ్మవారి పండగ వెళ్లగానే నా చదువు మాన్పించి కొట్లో కూర్చోబెట్టడం. తీర్పు చెప్పేశాక, దయతలచి "ఇంతకీ నీ సదువేటిరా?" అని అడిగాడు.

ఇంతకన్నా మంచి అదను దొరకదని, పెద్దమ్మ ఎండబెట్టి దొంతర పేర్చిన అప్పడాల డబ్బా ముందుకు లాగాను. "గ్రాఫైటూ ఇలాగే పెద్దనాన్నా, పొర మీద పొర. సందులో దూరిన అణువులు ఇష్టమొచ్చినట్టు ఎగరలేవు. గోడకి అతుక్కుని సర్దుకుంటాయి. బాగా వేడి తగిల్తేనే వదుల్తాయి."

"దీనికి సదువెందుకురా? జనంతో కిక్కిరిసి ఏరు దాటే ఆ దలా పడవెక్కితే తెలుస్తాది."

నాకు పౌరుషం వచ్చింది. పూజగదిలోంచి కర్పూరం తెచ్చి, చిదిపి, అప్పడాల మధ్య పెట్టి మూత బిగించాను. కొన్నాళ్లకు పలుకులు మాయమై వాసన మాత్రం పొరల్లో మిగులుతుంది, అప్పుడు చూపిద్దామని. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. (పరిశోధకుడికి ఏకాగ్రత ముఖ్యమంటారు.)

పండగనాడు పాపం ఏమీ తెలియని పెద్దమ్మ ఆ అప్పడాలే కాగిన నూనెలో వేసింది. సిద్ధాంతం అక్షరాలా రుజువైంది. కర్పూరం వాసన ముందుగదికి రాగానే హారతి ఇస్తున్నారనుకుని, భోంచేస్తున్న పెద్దలంతా విస్తళ్ల ముందు నుంచి లేచి ఎంగిలిచేతులే జోడించారు. ఎవరో గంట కూడా కొట్టారు. మర్యాద తెలిసిన బర్మా పొరుగాయనా లేచి కళ్లు మూసుకున్నాడు. వంటింట్లోంచి పెద్దమ్మ పళ్లెం నిండా అప్పడాలతో వచ్చింది. అందరూ వాటికే భక్తిగా దండం పెట్టారు.

పెద్దనాన్న ఒకటి కొరికి, ఊసి, తిన్నగా నా వంక చూశాడు. "ఈణ్ణి కొట్లో పెడితే కందిపప్పులో ఏటి కలిపేస్తాడో! సదువుకోనీండి బాబూ!"

అంతమంది పెద్దల ముందు అన్నమాట, ఇక తిరుగు లేదు. పట్టరాని సంతోషంతో నేనూ ఆ పళ్లేనికి దండం పెట్టాను.

పెద్దనాన్న ఇప్పటికీ మా ఇంట్లో అప్పడాన్ని వాసన చూశాకే నోట్లో పెడతాడు. నేను కూడా ఈ మధ్య నా చదువు గురించి ఎవరికీ చెప్పబోవడం లేదు. కానీ ఒక్క ప్రశ్నకే డబ్బా తెరిచి కూర్చున్న ఆ పిచ్చివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త బెంగగానూ ఉంటుంది. "నీ సదువేటిరా?" అని మళ్లీ ఎవరైనా అడిగితే బాగుండును.